ఫిల్టర్ పెట్టాక వెరసి ఎంత?

చెన్నై జార్జిటౌన్‌లో, కొత్వాల్ చావడికి రెండు వీధుల అవతల, మా మేనమామ గారికి పప్పులూ ఎండుమిర్చీ అమ్మే టోకు దుకాణం ఉంది. అక్కడి లెక్కలు ఒకప్పుడు చిట్టాలోనూ ఆవర్జాలోనూ ఉండేవి. తర్వాత కొన్నేళ్ళు, పద్దులను పట్టికల్లో దాచే ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రాంలో నడిచి, అక్కడి నుంచి అలాంటిదే అయిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లోకి వచ్చాయి. ఆ యాక్సెస్ ఫైలు బాగోగులు చూసుకునే పని నాది. ఒక సాయంత్రం ఆయన ఫోన్ చేసి, "ఏమిరా, రాయపురం పార్టీల బిల్లులు మాత్రమే తెర మీద పెట్టుకున్నాను. పైన డెబ్బై అయిదు వేలు అంటోంది, కింద ఇరవై ఒక్క వేల ఏడు వందలు అంటోంది. రెండూ నువ్వు పెట్టిన గళ్ళే కదా, ఏది నమ్మమంటావు?" అని అడిగారు. కిందిదే నమ్మమని వెంటనే చెప్పాను. ఆ రాత్రి ఫైలు తెరిచి చూశాక, నా జవాబు సగమే సరైనదని అర్థమైంది. ఆ రెండు అంకెల్లో ఏదీ తప్పు కాదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులు, ఆ ప్రశ్నలేమిటో మాత్రం నేను తెర మీద ఎక్కడా రాయలేదు.

చిన్న వ్యాపారాల్లో డేటాబేస్ ఫారాలు (పద్దులు నింపే, చూసే తెరలు) వాడేవారికి ఈ చిక్కు తరచుగా ఎదురవుతుంది. ఫిల్టర్, అంటే ఫలానావి మాత్రమే చూపించమనే షరతు, పెట్టగానే రికార్డులు (ఒక్కో బిల్లు పద్దు ఒక్కో రికార్డు) తగ్గుతాయి, కానీ మొత్తం ఒక్కోసారి తగ్గుతుంది, ఒక్కోసారి తగ్గదు, ఒక్కోసారి తగ్గినా తగ్గవలసినంత తగ్గదు. ఎర్రర్ కనిపించదు, హెచ్చరిక రాదు. ఒక అంకె నిబ్బరంగా నిలబడి ఉంటుంది, దాన్ని చూసి మనం చెక్కు రాసేస్తాం.

లెక్క చేతికి అందేంత చిన్నదిగా ఉంటే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది కనుక, ఏడే ఏడు బిల్లులు తీసుకుందాం. మొదటిది రాయపురం, 12,400 రూపాయలు. రెండోది పెరంబూరు, 8,750. మూడోది తిరువళ్ళూరు, 21,000. నాలుగోది మళ్ళీ రాయపురం, 5,600. అయిదో బిల్లులో సొమ్ము 9,300 అని ఉంది కానీ, ప్రాంతం అనే గడిని నింపేవారు ఖాళీగా వదిలేశారు. ఆరోది పెరంబూరు, 14,250. ఏడోది రాయపురం, 3,700. అన్నీ కలిపితే వెరసి 75,000. రాయపురం వరకే కలిపితే 21,700. మామయ్య గారు చూసిన రెండు అంకెలూ ఇవే.

ఇప్పుడు ఆ మొత్తాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. తెర మీద ఫారం ఒకటే కనిపిస్తుంది గానీ దాని వెనుక మూడు పొరలు ఉంటాయి. అట్టడుగున టేబుల్ ఉంటుంది, రాసిన పద్దులన్నీ అందులో ఉంటాయి. దాని మీద ఫారానికి రికార్డులు అందించే క్వెరీ ఉంటుంది, దీన్నే రికార్డ్ సోర్స్ అంటారు. ఈ ఏడాది బిల్లులు మాత్రమే కావాలనో, రద్దయిన బిల్లులు వద్దనో చెప్పే షరతులు సాధారణంగా ఇక్కడే ఉంటాయి. ఆ పైన, వాడేవారు తమ అవసరానికి అప్పటికప్పుడు పెట్టుకునే ఫిల్టర్ ఉంటుంది. పప్పుల దుకాణం భాషలో చెప్పాలంటే టేబుల్ బస్తా, క్వెరీ ఒక జల్లెడ, ఫిల్టర్ దాని కింద పట్టిన ఇంకా సన్నటి జల్లెడ. మొత్తం ఎంత అని అడిగేముందు, బస్తాను తూయమంటున్నామా, మొదటి జల్లెడ కింద పడినదాన్నా, రెండో జల్లెడ కింద పడినదాన్నా అన్నది తేల్చుకోవాలి.

యాక్సెస్‌లో ఫారం ఫుటర్‌లో, అంటే అడుగు పట్టీలో, ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టి, అందులో ఏం చూపించాలో చెప్పే కంట్రోల్ సోర్స్‌లో =సమ్([సొమ్ము]) అని రాస్తే, అది అన్నిటికంటే కింది జల్లెడను దాటి వచ్చినదాన్నే కూడుతుంది. ఫిల్టర్ అమలులో ఉంటే ఫిల్టర్ మిగిల్చిన రికార్డులు, లేకపోతే రికార్డ్ సోర్స్ ఇచ్చిన రికార్డులన్నీ ఆ కూడికలోకి వస్తాయి. మామయ్య గారి ఫారంలో అడుగున కనిపించిన 21,700 ఇలా వచ్చినదే. పైన, హెడర్‌లో కనిపించిన 75,000 మాత్రం డీసమ్ అనే మరో ఫంక్షన్ ఇచ్చినది. డీసమ్‌కు ఫారంతో ఏ చుట్టరికమూ లేదు. ఏ ఫీల్డు (సొమ్ము లాంటి నిలువు వరుస) కూడాలో, ఏ టేబుల్ లేదా క్వెరీ నుంచి కూడాలో, ఏ షరతు మీద కూడాలో చెబితే, అది నేరుగా బస్తా దగ్గరికి వెళ్ళి తూచి వస్తుంది. షరతు చెప్పకపోతే బస్తా మొత్తాన్ని తూస్తుంది. తెర మీద ఏ ఫిల్టర్ ఉందో దానికి తెలియదు, తెలుసుకోవాలన్న ప్రయత్నమూ చేయదు.

కాబట్టి తెర మీద కనిపిస్తున్న బిల్లుల మొత్తమే కావాలంటే, మొదట తలుపు తట్టవలసింది ఫుటర్‌లోని సమ్ దగ్గరే. డేటాషీట్ (పట్టిక) రూపంలో పనిచేసేవారికి 2007 వెర్షన్ నుంచి అడుగున టోటల్స్ వరుస కూడా ఉంది, అదీ ఫిల్టర్‌ను అనుసరించే నడుస్తుంది. ఎక్సెల్ అలవాటున్నవారు ఈ తేడాను మరోలా గుర్తుపెట్టుకోవచ్చు. అక్కడ సమ్ అనేది ఫిల్టర్ దాచిన వరుసలను కూడా కూడుతుంది, సబ్‌టోటల్ అనేది వాటిని వదిలేస్తుంది. యాక్సెస్ ఫుటర్‌లోని సమ్‌కు పేరు మాత్రం ఎక్సెల్‌లోని సమ్‌ది, నడత సబ్‌టోటల్‌ది. ఒక ప్రోగ్రాం నుంచి మరొకదానికి వచ్చినవారు మొదట తడబడేది ఇక్కడే.

అయితే సమ్‌కు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. అది రికార్డ్ సోర్స్‌లోని ఫీల్డులను మాత్రమే కూడగలదు, ఫారం మీద మనం లెక్కకట్టి చూపించే గళ్ళను కూడలేదు. పరిమాణాన్ని ధరతో హెచ్చవేసి ఒక్కో వరుసలో విలువ చూపిస్తున్నామనుకోండి, ఆ విలువ గడి పేరును సమ్‌లో పెడితే ఎర్రర్ వస్తుంది. అక్కడ =సమ్([పరిమాణం]*[ధర]) అని లెక్కనే మళ్ళీ రాయాలి, లేదా ఆ హెచ్చవేత క్వెరీలోనే చేసి, దానికో పేరు పెట్టి, ఆ పేరును కూడమనాలి. రెండో దారే మేలని నా అనుభవం, ఎందుకంటే లెక్క ఒక్క చోటే ఉంటుంది, మార్చవలసి వస్తే ఒక్క చోట మారిస్తే చాలు. ఇంకో సంగతి: ఫారంలో ఒక సెక్షన్‌లో (హెడర్, ఫుటర్ లాంటి భాగంలో) నాలుగైదు కూడికలున్నప్పుడు వాటిలో ఒక్కటి చెడితే, సరిగా రాసిన మిగతావాటిలోనూ ఎర్రర్ కనిపిస్తుంది. అన్నీ ఒకేసారి పాడయ్యాయని కంగారు పడకుండా, చివరగా మార్చిన గడిని చూస్తే కారణం దొరుకుతుంది. పేజ్ ఫుటర్‌లో అసలు ఈ కూడికలు పనిచేయవు, ఫారం ఫుటర్‌లోనే ఉండాలి.

మరి డీసమ్ ఎందుకు? ఫారంలో లేని సంగతులు అడగడానికి. ఫిల్టర్ పెట్టిన బిల్లుల మొత్తంతో పాటు, ఆ ఏడాది మొత్తం అమ్మకంలో అది ఎంత భాగమో చూపించాలంటే, ఫిల్టర్‌కు లొంగని అంకె ఒకటి కావాలి. ఆ పనికి డీసమ్ చక్కగా సరిపోతుంది. తంటా అంతా డీసమ్ చేత ఫిల్టర్ మాట వినిపించాలనుకున్నప్పుడు మొదలవుతుంది. ఫారానికి ఫిల్టర్ అనే ప్రాపర్టీ (అమరిక) ఉంది కదా, అందులో షరతు అక్షరరూపంలోనే ఉంటుంది కదా, దాన్ని యథాతథంగా డీసమ్ మూడో స్థానంలో పెడితే పోదా అని అందరికీ తోస్తుంది. నాకూ తోచింది, అలాగే చేశాను. కొన్నాళ్ళు బాగానే నడిచింది కూడా.

మొదటి చిక్కు ఏమిటంటే, ఫిల్టర్ తీసేసినా ఆ ప్రాపర్టీలోని పాఠం చెరిగిపోదు. టాగుల్ ఫిల్టర్ బటన్ నొక్కి ఫిల్టర్‌ను ఆపితే బిల్లులన్నీ మళ్ళీ కనిపిస్తాయి, కానీ ప్రాపర్టీలో [ప్రాంతం]='రాయపురం' అన్న మాట అలాగే ఉండిపోతుంది. అప్పుడు తెర మీద ఏడు బిల్లులు, డీసమ్ గడిలో 21,700. మామయ్య గారు చూసినదానికి ఇది సరిగ్గా తలకిందులు. ఫిల్టర్ అమలులో ఉందో లేదో చెప్పేది ఫిల్టర్‌ఆన్ అనే వేరే ప్రాపర్టీ. అది నిజమైతే ఫిల్టర్ పాఠాన్ని, కాకపోతే ఖాళీ పాఠాన్ని డీసమ్‌కు ఇవ్వాలి. ఈ చిన్న తనిఖీ లేని ఫారాలు నేను చాలా దుకాణాల్లో చూశాను.

రెండో చిక్కు అంత సులువుగా కనిపించదు. పార్టీ పేరును కాంబో బాక్స్‌లో, అంటే జాబితా నుంచి ఎంచుకునే గడిలో, చూపిస్తూ, టేబుల్‌లో మాత్రం పార్టీ నంబరును దాచుకోవడం మనందరి అలవాటు, మంచి అలవాటే. వాడేవారు ఆ పేరు మీద ఫిల్టర్ పెట్టినప్పుడు, యాక్సెస్ తన సౌకర్యం కోసం లుకప్ అనే మాటతో మొదలయ్యే ఒక మారుపేరును ఫిల్టర్ పాఠంలో రాసుకుంటుంది. ఆ మారుపేరు ఫారానికి మాత్రమే తెలుసు. డీసమ్ వెళ్ళే టేబుల్‌లో అలాంటిదేదీ ఉండదు కనుక అక్కడ ఎర్రర్ వస్తుంది. ఫిల్టర్ పాఠంలో ఫీల్డు పేరుకు ముందు ఫారం పేరు తగిలి ఉన్నా అదే గతి. మూడో చిక్కు, ఫారం ఒక క్వెరీ మీద నిలబడి ఉంటే, డీసమ్‌ను టేబుల్ మీదికి పంపకూడదు. పంపితే క్వెరీలోని షరతులు జారిపోయి, రద్దు చేసిన బిల్లులు కూడా మొత్తంలోకి వచ్చి కూర్చుంటాయి. అడిగే చోటు కూడా ఆ క్వెరీయే కావాలి.

ఇన్ని తంటాలు పడే బదులు ఫారాన్నే అడగడం మేలు. ఫారం దగ్గర రికార్డ్‌సెట్‌క్లోన్ అనే నకలు ఉంటుంది. ఫిల్టర్ దాటి వచ్చిన రికార్డులే అందులో ఉంటాయి, ఫిల్టర్ ఏ భాషలో రాసి ఉన్నా సరే. కోడ్ రాయగలిగినవారు ఆ నకలును మొదటి రికార్డు నుంచి చివరిదాకా నడిచి సొమ్ము కూడుకోవచ్చు. నడిచేటప్పుడు తెర మీద కర్సర్ కదలదు కనుక వాడేవారికి ఇబ్బంది ఉండదు. బిల్లుల సంఖ్య కూడా కావాలంటే మాత్రం చివరి రికార్డు దాకా వెళ్ళాకే రికార్డ్‌కౌంట్‌ను నమ్మాలి, అంతకుముందు అది చేరుకున్న రికార్డుల లెక్కే చెబుతుంది. ఈ కూడికను ఎప్పుడు చేయాలన్నదీ ముఖ్యమే. అప్లై ఫిల్టర్ అనే ఈవెంట్ (కోడ్‌ను నడిపించే సందర్భం) పేరు చూసి అక్కడ పెడితే, ఆ ఈవెంట్ ఫిల్టర్ అమలయ్యే ముందే వస్తుంది కనుక, పాత రికార్డులే కూడికలోకి వస్తాయి, మొత్తం ఎప్పుడూ ఒక అడుగు వెనుక ఉంటుంది.

ఖాళీ గడి చేసే మాయ

ఇంతవరకు చెప్పినవన్నీ యంత్రాంగం తాలూకు చిక్కులు, ఒకసారి తెలిస్తే సర్దుకోవచ్చు. ఇప్పుడు చెప్పబోయేది లెక్క తాలూకు చిక్కు, నా మటుకు నాకు ఈ విషయంలో అన్నిటికంటే లోతైనది ఇదే.

రాయపురం బిల్లులు ఫిల్టర్ చేస్తే 21,700 వచ్చింది. ఇప్పుడు రాయపురం కానివి ఫిల్టర్ చేద్దాం. [ప్రాంతం]<>'రాయపురం' (రాయపురానికి సమానం కానివి) అన్న షరతు పెడితే పెరంబూరువి రెండు, తిరువళ్ళూరుది ఒకటి కనిపిస్తాయి. వెరసి 44,000. రెండూ కలిపితే 65,700. కానీ అసలు మొత్తం 75,000 కదా, 9,300 ఏమైంది? అది ప్రాంతం రాయని అయిదో బిల్లు. రాయపురం బిల్లుల్లో అది లేదు, రాయపురం కాని బిల్లుల్లోనూ లేదు.

సామాన్య బుద్ధికి ఇది మింగుడు పడదు. ప్రాంతం రాయలేదంటే రాయపురం అని రాయలేదనే కదా, మరి రాయపురం కానివాటిలో ఎందుకు రాదు? డేటాబేస్ ఇక్కడ మనకంటే జాగ్రత్తగా ఆలోచిస్తుంది. ఏమీ రాయని గడిని అది నల్ అంటుంది. నల్ అంటే ఏ ప్రాంతమూ కాదని అర్థం కాదు, ప్రాంతం తెలియదని అర్థం. తెలియని ప్రాంతం రాయపురమా అంటే జవాబు తెలియదు. రాయపురం కాదా అన్నా జవాబు తెలియదు. నిజం, అబద్ధం కాక తెలియదు అనే మూడో జవాబు ఒకటి ఉంటుందన్నమాట. ఫిల్టర్ నిజమని తేలిన రికార్డులనే కింద పడనిస్తుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ 1970లో, డేటాను పట్టికలుగా చూసే రిలేషనల్ నమూనాను ప్రతిపాదించి, 1979 నాటి పత్రంలో ఈ మూడు జవాబుల తర్కాన్ని వివరించారు. జార్జిటౌన్ దుకాణంలో 9,300 రూపాయలు కనబడకుండా పోవడానికి మూలం ఆ తర్కంలోనే ఉంది.

పరిష్కారం కష్టమేమీ కాదు. కానివి అడిగినప్పుడల్లా, ఖాళీవి కూడా కావాలో వద్దో మనమే చెప్పాలి. షరతుకు చివర [ప్రాంతం] ఈజ్ నల్ అన్న మాటను ఆర్ (లేదా) అనే మాటతో జోడిస్తే అయిదో బిల్లు తిరిగి వస్తుంది, 53,300 అవుతుంది, రెండు భాగాలూ కలిపితే 75,000 సరిపోతుంది. ఇందులో మరో మెలిక ఉంది. టెక్స్ట్ ఫీల్డులో ఏమీ రాయకపోవడం వేరు, అక్షరాలు లేని పాఠాన్ని రాయడం వేరు. బయటి ఫైలు నుంచి దిగుమతి చేసిన రికార్డుల్లో ఈ రెండో రకం తరచుగా ఉంటుంది. కంటికి రెండూ ఖాళీగానే కనిపిస్తాయి, కానీ అక్షరాలు లేని పాఠం రాయపురం కానివాటిలో నిక్షేపంగా చేరుతుంది, నల్ చేరదు. అందుకే ప్రాంతం లాంటి ఫీల్డును తప్పనిసరి చేసి, తెలియనప్పుడు "తెలియదు" అనే మాటనే రాయించడం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

సొమ్ము గడిలోనే నల్ ఉంటే కథ వేరు. సమ్ దాన్ని వదిలేసి మిగతావి కూడుతుంది, అందులో ఇబ్బంది లేదు. కానీ ఒకే వరుసలో సరుకు ధరకు కిరాయిని ప్లస్ గుర్తుతో కలుపుతుంటే, కిరాయి నల్ అయినప్పుడు ఆ వరుస మొత్తమే నల్ అవుతుంది, 12,400 కాస్తా ఆవిరైపోతుంది. ఎన్‌జెడ్ ఫంక్షన్‌తో నల్‌ను సున్నాగా మార్చి కలపడం దీనికి మందు. ఫిల్టర్‌కు ఒక్క రికార్డూ దొరకనప్పుడు డీసమ్ ఇచ్చేది కూడా సున్నా కాదు, నల్లే. అక్కడా ఎన్‌జెడ్ అవసరం. కొత్త రికార్డులు చేర్చే వీలు లేని ఫారంలో ఏ రికార్డూ దొరకకపోతే ఫుటర్ గడిలో ఎర్రర్ అన్న మాట కనిపించవచ్చు, కనుక రికార్డులు ఉన్నాయో లేవో చూసుకుని, లేకపోతే సున్నా చూపించమని రాసుకోవాలి.

తేదీల సంగతి

మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. ఆ రోజు నుంచి ఉన్న బిల్లుల మొత్తం కావాలని, తెర మీద ఒక గడిలో 01/04/2024 అని నింపి, దాన్ని డీసమ్ షరతులోకో ఫిల్టర్ పాఠంలోకో కోడ్ ద్వారా అతికిస్తే ఏమవుతుంది? యాక్సెస్ వెనుక ఉండి క్వెరీలు నడిపే ఇంజన్, హాష్ (#) గుర్తుల మధ్య ఇలా రాసిన తేదీని అమెరికా పద్ధతిలో, అంటే నెల ముందు రోజు తర్వాత అని చదువుతుంది. విండోస్‌లో మనం భారతదేశపు తేదీ పద్ధతి పెట్టుకున్నా ఇక్కడ లెక్క చేయదు. కాబట్టి అది జనవరి 4 అవుతుంది, దాదాపు మూడు నెలల పాత బిల్లులు కొత్త సంవత్సరంలో చేరిపోతాయి. అదే 13/04/2024 అని రాస్తే, పదమూడో నెల లేదు కనుక, ఇంజన్ తనంతట తాను సర్దుకుని ఏప్రిల్ 13 అని సరిగ్గానే చదువుతుంది. నెలలో పన్నెండో తేదీ దాకా తప్పుతూ, పదమూడు నుంచి ఒప్పుతూ వచ్చే మొత్తాన్ని ఎవరు మాత్రం అనుమానిస్తారు? ఇరవయ్యో తేదీన పరీక్షించి బాగుందని ఒప్పగించిన ఫారం, వచ్చే నెల అయిదున తప్పు చెబుతుంది.

కోడ్‌లో తేదీని అతికించేటప్పుడు ఫార్మాట్ ఫంక్షన్‌తో సంవత్సరం, నెల, రోజు అనే వరుసలోకి, 2024-04-01 రూపంలోకి మార్చి అతికిస్తే ఈ గొడవ ఉండదు. క్వెరీ డిజైన్ గ్రిడ్‌లో చేత్తో రాసే తేదీలకు ఈ బెడద లేదు, అక్కడ యాక్సెస్ మన పద్ధతిని చూసి తానే మార్చుకుంటుంది. ఒకే తేదీ ఒక చోట ఒకలా, మరో చోట మరోలా చదవబడడం వల్లనే ఇది ఇంతమందిని తప్పుదారి పట్టిస్తుంది.

సంవత్సరాంతం దగ్గర ఇంకో గుంట ఉంది. బిల్లు తేదీతో పాటు సమయం కూడా నమోదవుతుంటే, మార్చి 31 వరకు అని బిట్వీన్‌తో (ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అనే షరతుతో) అడిగినప్పుడు, ఆ మార్చి 31 అంటే ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి క్షణం అని ఇంజన్ అర్థం చేసుకుంటుంది. ఆ రోజు పగలంతా కొట్టిన బిల్లులు బయటే ఉండిపోతాయి. మార్చి 31 వరకు అనడానికి బదులు ఏప్రిల్ 1 కంటే ముందు అని అడిగితే సరిపోతుంది.

ఒకటి మూడైనప్పుడు

మొదటి రాయపురం బిల్లులో మూడు సరుకులు ఉన్నాయనుకుందాం: కందిపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి. నాలుగో బిల్లులో రెండు సరుకులు, ఏడో బిల్లులో ఒకటే. లారీ కిరాయి బిల్లుకు ఒకసారే పడుతుంది: వరుసగా 350, 200, 150. వెరసి 700. సరుకు పేరు మీద కూడా ఫిల్టర్ పెట్టుకునే వీలు కావాలని, బిల్లుల టేబుల్‌ను సరుకుల టేబుల్‌తో జోడించి, ఆ జోడింపు క్వెరీ మీద ఫారం కడితే, మొదటి బిల్లు మూడు వరుసలుగా, నాలుగోది రెండు వరుసలుగా వస్తుంది. ప్రతి వరుసలోనూ కిరాయి మళ్ళీ కనిపిస్తుంది. ఫుటర్‌లో కిరాయిని కూడమంటే, 350 మూడుసార్లు, 200 రెండుసార్లు, 150 ఒకసారి కూడి 1,600 చెబుతుంది. సమ్ తప్పు చేయలేదు, కనిపించిన వరుసలన్నిటినీ కూడింది. కందిపప్పు అని ఫిల్టర్ పెడితే ఒక్కో బిల్లుకు ఒక్కో వరుసే మిగులుతుంది కనుక కిరాయి ఉన్నట్టుండి సరిపోతుంది కూడా. ఫిల్టర్ ఉంటే ఒప్పు, తీస్తే తప్పు. ఇలాంటి చోట ఫిల్టర్‌నే అనుమానించడం సహజం, కానీ దోషం జోడింపులో ఉంది.

బిల్లుకు ఒకసారే ఉండే సొమ్మును బిల్లుకు ఒకే వరుస ఉన్న చోటే కూడాలి. బిల్లులు ప్రధాన ఫారంలో, సరుకులు దాని లోపల ఉండే సబ్‌ఫారంలో పెట్టడం అందుకే వాడుకలో స్థిరపడింది. అయితే ఆ అమరికలో సబ్‌ఫారం ఫుటర్‌లోని సమ్, అప్పుడు తెర మీద ఉన్న ఒక్క బిల్లు సరుకులనే కూడుతుంది. రాయపురం బిల్లులన్నిటిలో కలిపి కందిపప్పు ఎన్ని బస్తాలు పోయిందో అది చెప్పలేదు, ఎందుకంటే సబ్‌ఫారానికి తెలిసినది తనకు లింకైన బిల్లు నంబరు మాత్రమే, ప్రధాన ఫారం ఫిల్టర్ కాదు. ఈ ప్రశ్నకు సరుకుల టేబుల్ మీద వేరే క్వెరీ రాసి, ఏ బిల్లు నంబర్లు ప్రధాన ఫారం ఫిల్టర్‌లో నిలిచాయో వాటిలోని సరుకులు మాత్రమే కూడమని ఉపక్వెరీతో (క్వెరీ లోపలి క్వెరీతో) చెప్పాలి.

చిన్నవి కొన్ని ఉన్నాయి. ఎడిట్ చేస్తున్న రికార్డు పక్కన పెన్సిల్ గుర్తు కనిపిస్తున్నంత సేపు అది సేవ్ కాలేదని అర్థం, ఆ మార్పు ఫుటర్ మొత్తంలోకి ఇంకా రాలేదు. సొమ్ము ఫీల్డును డబుల్ రకంగా పెడితే, పైసలు బైనరీలో సరిగా ఇమడక, వేల వరుసలు కూడాక చివర సన్నని తేడాలు తేలవచ్చు. నాలుగు దశాంశ స్థానాల దాకా కచ్చితంగా నిలిపే కరెన్సీ రకమే డబ్బుకు తగినది.

వేరే ప్రోగ్రాములు వాడేవారికి పేర్లు మారతాయి, ప్రశ్న మాత్రం అదే. ఫైల్‌మేకర్‌లో సమ్మరీ ఫీల్డు అప్పుడు వెతికి తెచ్చుకున్న రికార్డుల సమితి మీదే మొత్తం చెబుతుంది కనుక, మామయ్య గారికి వచ్చిన అనుమానం అక్కడ తక్కువగా వస్తుంది. లిబ్రెఆఫీస్ బేస్ ఫారంలో యాక్సెస్ ఫుటర్ లాంటి కూడిక గడి లేదు, మొత్తం చెప్పే క్వెరీని వేరుగా రాసి సబ్‌ఫారంలో చూపించాలి, షరతు అక్కడికీ చేరేలా చూసుకోవాలి. మా పాత ఫాక్స్‌ప్రోలో సమ్ ఆదేశం ఫిల్టర్‌ను గౌరవించేది కానీ, సెట్ డిలీటెడ్ ఆన్ అని చెప్పకపోతే తొలగించినట్టు గుర్తుపెట్టిన రికార్డులను కూడా కలిపేది. పాత ఫైళ్ళ మొత్తాలకూ కొత్త ఫైళ్ళ మొత్తాలకూ పొంతన కుదరనప్పుడు నేను ముందుగా చూసింది ఆ ఒక్క వాక్యం ఉందో లేదో.

మామయ్య గారి ఫారంలో ఇప్పుడు రెండు అంకెలూ ఉన్నాయి, కానీ పక్కపక్కన, పేర్లతో ఉన్నాయి. ఒకదాని ముందు "ఈ ఏడాది బిల్లులన్నీ" అని, మరొకదాని ముందు "తెర మీద ఉన్నవి" అని రాసి ఉంటుంది. దాని కింద ఫిల్టర్‌ఆన్‌ను చూసి షరతును తెలుగులో చూపించే ఒక వరుస ఉంటుంది: ప్రాంతం రాయపురం, 3 బిల్లులు. దాని పక్కన ప్రాంతం రాయని బిల్లుల మొత్తాన్ని చెప్పే గడి ఉంటుంది, సున్నా కానంత కాలం అది ఎర్రగా ఉంటుంది. ప్రింట్ బటన్ నొక్కితే, ఫిల్టర్ అమలులో ఉంటే అదే ఫిల్టర్ పాఠం రిపోర్టుకూ అందుతుంది, కాగితం మొదట్లో షరతు, చివర వెరసి అచ్చవుతాయి. ఆ కాగితాన్ని ఆడిటర్ గారికి పంపే ముందు మామయ్య గారు మొదటి వరుస కింద పెన్సిల్‌తో గీత గీసి పంపుతున్నారు.